అరవై కిలోల లెక్క

మార్చి 3, సోమవారం

పెట్టె వచ్చింది.

పెట్టె అంటే బట్టల పెట్టె కాదు, కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు. లోపల ఇద్దరు పట్టే మంచం, ఒక పొయ్యి, గిన్నెల అర, మడత బల్ల. ఇద్దరం ఒకేసారి నిలబడితే ఒకరు ఊపిరి బిగబట్టాలి. కింద రెండే చక్రాలు. అమ్మినవాడు నాలుగేళ్ళు కదిలించకుండా వదిలేశాడు కాబట్టి టైర్లు రెండూ చచ్చి ఊరుకున్నాయి. వీధిలో వాళ్ళంతా వచ్చి చుట్టూ తిరిగి చూసి, "టీచరుగారూ, ఇందులో ఏం అమ్ముతారు?" అని అడిగారు. ఒళ్ళు మండింది.

ఆయన కుర్చీలోంచి లేవలేదు.

గడియారాల రిపేరు షాపు మూసి ఇవాళ్టికి నలభై ఒక్క రోజులు. చేతికి గడియారం పెట్టుకునేవాళ్ళే లేనప్పుడు రిపేరుకి ఎవరొస్తారు? ముప్పై నాలుగేళ్ళు కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చున్న మనిషి. ఇప్పుడు పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, షాపుకి వెళ్ళేవాడిలాగే తయారై కిటికీ పక్క కుర్చీ దాకా వెళ్తారు. ఇంట్లో ఉన్న ఏడు గోడ గడియారాలకీ కీ ఇస్తారు. తర్వాత కూర్చుని వాటిని వింటారు. అంతే. తినమంటే తింటారు, పడుకోమంటే పడుకుంటారు. మొదటినుంచీ నోట్లో నాలుక లేని మనిషే, కానీ ఇదివరకు రోజుకి పది మాటలైనా ఉండేవి. నిన్న లెక్కపెట్టాను. మూడు.

పెళ్ళైన కొత్తలో ఒక పెద్ద చెరువు గురించి చెప్పారు. చిన్నప్పుడు ఎవరో తీసుకెళ్ళి చూపించారట, అవతలి ఒడ్డు కనిపించదట. "ఎప్పుడైనా వెళ్దాం" అన్నారు. షాపుకి సెలవెక్కడ? నా స్కూలుకి సెలవెక్కడ? ఇక్కడికి రెండు వందల నలభై కిలోమీటర్లు. వచ్చే సోమవారం బయలుదేరుతున్నాం. నేనే నిర్ణయించాను. ఈయన్ని ఆ కుర్చీలోంచి ఇప్పుడు లేపకపోతే ఇంట్లో ఎనిమిదో గడియారం అయిపోతారు. కీ ఇచ్చేవాళ్ళు కూడా ఉండరు.

మార్చి 4, మంగళవారం

పెట్టె చక్రాలు విప్పించి, కారు డిక్కీలో వేసుకుని, పక్క ఊరు వెళ్ళి కొత్త టైర్లు వేయించాను. రానూ పోనూ డెబ్బై కిలోమీటర్లు. మన ఊళ్ళో టైర్ల షాపు లేక కాదు. ఉంది, నాలుగు వీధుల అవతలే. అది నా ఆడపడుచుది. ఇంతకన్నా రాయక్కర్లేదు.

మార్చి 5, బుధవారం

రాస్తాను.

ఇవాళ ఆయన ఫోనుకి మెసేజ్ పెట్టింది. "అన్నయ్యా, టైర్లు పక్క ఊళ్ళో వేయించారట. నట్లు ఎవరు బిగిస్తారు? ఎంత బలంతో బిగిస్తున్నామో ముల్లు చూపించే పానా నా దగ్గరుంది. పంపనా?" నాకు పెట్టలేదు, చూడండి. ఆయనకి పెట్టింది. ఆయన ఫోను నేనే చూస్తానని దానికి తెలుసు.

దానికీ నాకూ రెండేళ్ళుగా మాటల్లేవు. నా కారు టైరు పంక్చరై దాని షాపు ముందే ఆగిపోయింది. చక్రం మార్చడానికి నేను కాస్త తడబడ్డాను. పదిమంది పనివాళ్ళ ముందు, "ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పావు, పానా పట్టడం రాదా వదినా?" అంది. తల తీసేసినట్టయింది. అప్పటినుంచి ఆ వీధి మొహం చూడలేదు.

అసలు కథ అది కాదులే. అసలు కథ ముప్పై రెండేళ్ళనాటిది. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు, అది నా క్లాసులో పిల్ల. 'పానా పిడి పొడుగుగా ఎందుకు ఉండును?' అని పరీక్షలో ఇచ్చాను. బలాన్ని దూరంతో గుణిస్తే తిప్పే శక్తి వస్తుంది, దూరం పెరిగితే తక్కువ బలం చాలు. ఇదీ జవాబు. అది ఏం రాసిందంటే, 'చెయ్యి నొప్పి పుట్టకుండా'. సున్నా వేశాను. ఒక్క మార్కులో తప్పింది. రెండు నెలలు తిరక్కుండా నేను దానికి వదినగా వెళ్ళాను! మా పెళ్ళి ఫోటోలో అందరూ కెమెరా వంక చూస్తున్నారు, అదొక్కతే నా వంక చూస్తోంది.

"అక్కర్లేదు" అని ఆయన ఫోనులోంచి జవాబు పెట్టాను.

మార్చి 6, గురువారం

ఆయన లేచారు!

నేను చెప్పకుండా, బతిమాలకుండా. షాపు బోర్డుకి వేయగా మిగిలిన నీలం రంగు డబ్బా అటక మీద ఉందని గుర్తొచ్చిందట. కుడి చక్రాన్ని వరండాలో కాగితం మీద పడుకోబెట్టి, గడియారం ముఖం మీద అంకెలు దిద్దే సన్న కుంచెతో రంగు వేస్తున్నారు. మూడు కోటింగులట. నట్టు కూర్చునే గుంటల్లో కూడా కుంచె దూర్చి ఒక్క చుక్క ఖాళీ వదల్లేదు. "అక్కడ ఎవరికీ కనపడదండీ" అన్నాను. "మనకి తెలుసుగా" అన్నారు. రెండు మాటలు!

రేపు పెట్టె కుడి గోడకి కూడా ఒక నీలం పట్టీ వేస్తారట. డబ్బా ఒక వైపుకే సరిపోతుందట. ఒక వైపు చాలు అన్నాను. వీధిలో వాళ్ళకి కనిపించేది ఆ వైపే.

మార్చి 7, శుక్రవారం. మధ్యాహ్నం

చక్రం బోల్టుల మీద పెట్టి, నట్లు చేత్తో ఎక్కించి, పానాతో బిగించబోయాను. చక్రం గిర్రున తిరిగింది. మళ్ళీ బిగించాను. మళ్ళీ తిరిగింది. పావుగంట తర్వాత ఆయన కిటికీలోంచి, "జాకీ దించి బిగిస్తే తిరగదేమో" అన్నారు. నాకు తెలుసు. చూస్తున్నానంతే.

మార్చి 7, సాయంత్రం

పెట్టెతో వచ్చిన పుస్తకం మొత్తం చదివాను. చక్రానికి అయిదు నట్లు. ఒకదాని పక్కది బిగించకూడదు, ఎదురుగా ఉన్నదానికి వెళ్ళాలి, నక్షత్రం గీసినట్టు. లేకపోతే చక్రం ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది. ఒక్కో నట్టుకి నూట ఇరవై బిగువు. తక్కువైతే ఊడుతుంది, ఎక్కువైతే బోల్టు సాగుతుంది. మొదటి ఎనభై కిలోమీటర్ల తర్వాత ఆగి మళ్ళీ బిగించవలెను. ఈ చివరి మాట లావు అక్షరాల్లో ఉంది, కింద గీత కూడా ఉంది. పుస్తకం రాసినవాడు కూడా టీచరే అయ్యుంటాడు.

నూట ఇరవై అని తెలిసేదెలా? ముల్లు పానా కావాలి. అది ఎవరి దగ్గరుందో తెలుసు. ప్రాణం పోయినా అడగను.

అడగక్కర్లేదు! స్నానం చేస్తుంటే తట్టింది. పానా పిడిని నేలకి సమాంతరంగా పెట్టి దాని మీద నేను నిలబడితే, నా బరువే బలం! నట్టు నుంచి ఎంత దూరంలో నిలబడాలో తేల్చుకుంటే చాలు. నా బరువు అరవై కిలోలు. భూమ్యాకర్షణ లెక్కకి పదితో గుణిస్తే ఆరు వందలు. నూట ఇరవైని ఆరు వందలతో భాగిస్తే సున్నా పాయింట్ రెండు. అంటే నట్టు నుంచి ఇరవై సెంటీమీటర్లు. పిడి మీద అక్కడ సుద్దముక్కతో గీత గీశాను. ఏ ముల్లూ అక్కర్లేదు, ఏ ఆడపడుచూ అక్కర్లేదు. ముప్పై ఏళ్ళు చెప్పిన ఫిజిక్స్ ఊరికే పోతుందా?

(పోయినేడు స్కూల్లో డాక్టర్లు వచ్చి తూచినప్పుడు అరవై ఎనిమిది చూపించింది. ఆ మిషను సరిగ్గా లేదు. పైగా చేతిలో బ్యాగుంది, కాళ్ళకి చెప్పులున్నాయి, అప్పుడే భోజనం చేశాను. అవి తీసేస్తే అరవయ్యే.)

మార్చి 8, శనివారం

బిగించాను. రెండు చక్రాలూ, పది నట్లూ, నక్షత్రం లెక్కన.

ముందు ఎడమ వైపు. అక్కడ ఎవరూ చూడరు, గోడ అడ్డం. పానా తగిలించి, సుద్ద గీత మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు నేల మీంచి లేపి నిలబడ్డాను. చేతులు రెండూ పక్షిలా చాపాను. పానా మెల్లగా కిందికి దిగి, ఆగింది. దిగాను, తర్వాతి నట్టు. అయిదూ అయ్యేసరికి చెమటలు పట్టాయి గానీ, అబ్బ! ఒక్కసారైనా ఈ పాఠం ఇలా చెప్పి ఉంటే పిల్లలు జన్మలో మర్చిపోయేవాళ్ళు కాదు.

తర్వాత కుడి వైపు. అటు వీధి. పక్కింటి ఆవిడ మొక్కలకి నీళ్ళు పోస్తూ, పోస్తూ, పోస్తూనే ఉంది. పానా ఎక్కగానే కాలు వణికింది. పెట్టె గోడ పట్టుకుందామంటే ఆయన వేసిన నీలం పట్టీ ఇంకా ఆరలేదు. "నన్ను పట్టుకో" అని ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు. భుజం మీద చెయ్యి వేశాను. తర్వాత అయిదు నట్లూ సునాయాసంగా అయిపోయాయి.

"పడిపోకుండా ఊరికే ఆనించాను" అన్నాను.

"ఆఁ, ఊరికే" అన్నారు, భుజం సర్దుకుంటూ.

మార్చి 9, ఆదివారం

గిన్నెలు సర్దాను. ఆయన ఇవాళ పందొమ్మిది మాటలు.

మార్చి 10, సోమవారం. పొద్దున

బయలుదేరుతున్నాం. నాలుగు రోజుల ప్రయాణానికి ఏడు గడియారాలకీ ఎనిమిది రోజుల కీ ఇచ్చారు! నేనేం అడగలేదు. అడిగితే సగం కీ విప్పేస్తారేమోనని భయం.

అదే రోజు, టీ దుకాణం

ఎనభై రెండు కిలోమీటర్లు. ఆగాం. పుస్తకంలో లావు అక్షరాల మాట నాకు గుర్తుంది, నేనేం మర్చిపోలేదు.

దుకాణం ముందు ఆరు లారీలు. బల్లల మీద పదిహేను మంది డ్రైవర్లు కాళ్ళు చాపుకుని కూర్చుని మా పెట్టెనే చూస్తున్నారు. వీళ్ళ ముందు నేను బట్టలు ఎగ్గట్టుకుని పానా ఎక్కి, ఒంటికాలి మీద, చేతులు చాపి... ఛీ. రిటైరైన టీచర్ని. పరువూ మర్యాదా ఉండక్కర్లేదా?

ఆయన టీకి వెళ్ళారు. నేను దిగి పెట్టె వెనక్కి వెళ్ళి, చెప్పుకాలితో ఒక్కో నట్టునీ తట్టి చూశాను. గట్టిగానే ఉన్నాయి. చెప్పుకి ఆ మాత్రం తెలుస్తుంది.

ఆయన టీ గ్లాసులతో వచ్చి, "మళ్ళీ బిగించావా?" అన్నారు.

"ఆఁ" అన్నాను.

నా చేతుల వంక చూశారు. గ్లాసు ఇచ్చారు. టీ బాగుంది.

అదే రోజు, మధ్యాహ్నం ఒంటిగంట. రోడ్డు పక్కన

కూర్చుని ఎదురుచూడ్డం తప్ప పనేమీ లేదు కాబట్టి మొత్తం రాస్తాను.

టీ తాగి బయలుదేరిన కాసేపటికి ఆయన తల పక్కకి వంచారు. షాపులో గడియారం చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు అలాగే వంచేవారు.

"ఏదో వెనకబడుతోంది" అన్నారు.

"ఏది?"

"వెనక. టక్, టక్, టక్ మధ్యలో ఒకటి ఆలస్యంగా పడుతోంది."

"గిన్నెలండీ" అన్నాను.

కాసేపు విన్నారు. "ఆపు, గిన్నెలకి గుడ్డ చుడతాను" అన్నారు. ఆపాను. లోపలికి వెళ్ళి ఉన్న తువ్వాళ్ళన్నీ తీసి ఒక్కో గిన్నెకీ ఒక్కో గుడ్డ చుట్టి వచ్చారు. మళ్ళీ బయలుదేరాం.

"ఇంకా ఉంది."

"గరిటెలేమో."

ఆపాను. గరిటెలు ఆయన సాక్సులో దూర్చారు. బయలుదేరాం.

"ఇంకా ఉంది. వేగం పెంచితే పెరుగుతోంది."

"పొయ్యి మూతేమోనండీ!" అన్నాను. పొయ్యి మూత ఒళ్ళో పెట్టుకుని వచ్చి కూర్చున్నారు. నేను ఇరవై వేగంతో పోతున్నాను. వెనక లారీవాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. ఆయన పొయ్యి మూతని పసిపిల్లాడిలా పట్టుకుని, తల వంచి, కళ్ళు మూసుకుని వింటున్నారు.

"పొయ్యి కాదు" అన్నారు.

నూట పద్దెనిమిదో కిలోమీటరు రాయి దగ్గర ఆపాను. దిగి కుడి చక్రం దగ్గర వంగి, ఒక నట్టు మీద వేళ్ళు పెట్టాను. తిరిగింది! నా వేళ్ళకి తిరిగింది, సీసా మూత తిరిగినట్టు. పక్కది కూడా. ఇంకో పది కిలోమీటర్లు పోయి ఉంటే?

రోడ్డు మీదే కూర్చుండిపోయాను.

"ఏమండీ, టీ దగ్గర నేను బిగించలేదు" అన్నాను.

"తెలుసు."

"ఎలా?"

"నీ చేతులు శుభ్రంగా ఉన్నాయి."

నాకు ఏడుపొచ్చింది. ఏడిచాను కూడా, ఎందుకు దాచాలి, ఇది నా డైరీ. "తెలిసి ఎందుకూరుకున్నారు? ఏమైనా అయ్యుంటే?" అని ఆయన మీదే అరిచాను.

"అందుకే చెవి అక్కడే పెట్టుకుని కూర్చున్నా" అన్నారు.

మెత్తని మనిషితో ఇదే చిక్కు. తిరిగి తిడితే బాగుండేది. "పానా ఉందిగా, ఇక్కడే బిగిద్దామా?" అని కూడా అన్నారు. వద్దన్నాను. నా లెక్క రైటయ్యుంటే ఇవి ఊడకూడదు. ఊడాయి. అంటే ఎక్కడో తప్పుంది, ఎక్కడో నాకు తెలియడం లేదు. తెలియని లెక్కతో ఈయన్ని ఇంకో అడుగు కూడా లాక్కుపోను. అట్లాగని వెనక్కి తిరిగితే ఈ మనిషి నేరుగా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటారు. ఇంకెప్పటికీ లేవరు.

ఫోను తీశాను. పెట్టాను. తీశాను. రెండేళ్ళుగా నొక్కని నంబరు. మొదటి రింగుకే ఎత్తింది.

"ఏ చక్రం వదినా?"

నేనింకా హలో కూడా అనలేదు!

"కుడిది" అన్నాను.

"ఎన్ని?"

"రెండు... చేతికి తిరుగుతున్నాయి."

"అన్నయ్య బాగానే ఉన్నాడా?"

"పొయ్యి మూత పట్టుకుని కూర్చున్నారు."

"బండి అంగుళం కూడా కదిలించకు. వస్తున్నా" అని పెట్టేసింది. ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. అంటే ముఖాముఖి అనడానికి దాచుకుంది.

అదే రోజు, సాయంత్రం

చిన్న వ్యాను వేసుకుని వచ్చింది. దిగి నా వంక చూడలేదు, నేరుగా చక్రం దగ్గరికి పోయి గొంతుక్కూర్చుంది. నట్లు విప్పింది, చక్రం తీసింది, బోల్టులన్నీ వేలితో తడిమింది. "బోల్టులు బాగానే ఉన్నాయి. టైముకి ఆపారు" అంది. నాకు ఊపిరొచ్చింది.

తర్వాత నట్టు కూర్చునే గుంట వంక చూసి, "అన్నయ్యా, ఇక్కడ కూడా రంగేశావా?" అంది.

"మూడు కోటింగులు" అన్నారు ఆయన గర్వంగా.

"అయ్యో నా తండ్రీ! నట్టు ఇనుము మీద కూర్చోవాలి, రంగు మీద కాదు. బండి నడుస్తుంటే రంగు నలిగిపోతుంది, నట్టు వదులైపోతుంది."

ఆయన మొహం చిన్నబోయింది. నేను మాత్రం, ఉన్నమాట చెప్పుకోవాలి, లోలోపల గెంతేశాను. తప్పు రంగుది, నా లెక్కది కాదు! ఆ సంబరం మూడు నిమిషాలుంది.

అది చక్రం గుంటలు గీకి శుభ్రం చేసి, ఎక్కించి, ఎడమ వైపుకి పోయి ముల్లు పానా పెట్టి చూసింది. "నూట నలభై ఎనిమిది" అంది. రెండోది చూసింది. నూట నలభై ఎనిమిది. అయిదూ అంతే. "వదినా, పుస్తకంలో ఎంతుంది?"

"నూట ఇరవై."

"మరి దేంతో బిగించావు?"

నేను నోరెత్తలేదు. ఆయన ఎత్తారు. నలభై రోజులుగా లేని మాటలన్నీ ఒక్కసారిగా వచ్చేశాయి. నా లెక్క మొత్తం చెప్పారు. పానా తెచ్చి సుద్ద గీత చూపించారు. "అరవై కిలోలు, ఇరవై సెంటీమీటర్లు. ఎవరికి తడుతుంది ఇట్లాంటిది? మీ వదిన బుర్రే బుర్ర" అన్నారు. ఆపమని సైగ చేశాను. చూడలేదు.

నా ఆడపడుచు పెదాలు కదుపుతూ లెక్క వేసుకుంది. నూట నలభై ఎనిమిదిని సున్నా పాయింట్ రెండుతో భాగించు. ఏడు వందల నలభై. పదితో భాగించు.

నా వంక చూసింది. పైనుంచి కిందికి చూసింది. తర్వాత రోడ్డు మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది.

"లెక్క రైటే వదినా! ఒక్క అంకె కూడా తప్పు లేదు. డెబ్బై నాలుగు!" అంది. "పానా నిన్ను తూచేసింది!"

నాకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది. ఆయన మాత్రం, "డెబ్బై నాలుగా?" అని నెమ్మదిగా అన్నారు, ఎప్పటినుంచో అర్థంకానిది ఏదో అర్థమైనట్టు.

"అది సరే, అటు అంత బిగువుంటే ఇటు మరీ చేతికి తిరిగేంత వదులెందుకైంది? రంగొక్కటే అయ్యుండదు. ఏదీ, ఇటు ఎట్లా బిగించావో అట్లాగే ఒక నట్టు బిగించి చూపించు" అంది.

ఇంకేం పరువు మిగిలిందని? ఎక్కాను. ఆయన అలవాటుగా వచ్చి పక్కన నిలబడ్డారు. భుజం మీద చెయ్యి వేశాను. పానా దిగి ఆగింది. నేను దిగాక అది ముల్లు పెట్టి చూసింది.

"నూట నాలుగు. అంటే యాభై రెండు కిలోలు." వేళ్ళు మడిచింది. "మరి ఇరవై రెండు కిలోలు ఎటు పోయాయి?"

ఆయన చొక్కా భుజం దగ్గర సర్దుకున్నారు. "ఇక్కడున్నాయి" అన్నారు.

దానికి మళ్ళీ నవ్వొచ్చింది. నాకు రాలేదు. ముప్పై రెండేళ్ళుగా, ఊరికే ఆనించాను అనుకుంటున్నాను. రోడ్డు దాటేటప్పుడు, బస్సెక్కేటప్పుడు, మా అమ్మ పోయినప్పుడు. ఇంట్లో బరువంతా నేనే మోస్తున్నానని ఈ డైరీలో ఎన్నిసార్లు రాసుకున్నానో! ఈయన ఒక్కసారి కూడా బరువుగా ఉందని అనలేదు.

ఎడమ నట్లన్నీ అది విప్పేసింది. బోల్టులు సాగలేదట, బతికిపోయాం. ముల్లు పానా నా చేతికిచ్చింది. "నువ్వే బిగించు వదినా. ముల్లు నూట ఇరవై మీదికి రాగానే ఆపెయ్."

లాగాను. ముల్లు కదిలింది. నూట ఇరవై. ఇంతేనా? ఇంత కొంచెమా? ఇంకొంచెం లాగుదామని చెయ్యి దురద పెట్టింది. ఆపాను. పది నట్లూ నక్షత్రం లెక్కన నేనే బిగించాను. నేల మీద రెండు కాళ్ళూ పెట్టి, మనిషిలాగా.

అది గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, పిడి పొడుగుగా ఉన్న ఆ పానా వంక చూస్తూ, ఊరికే అడిగినట్టు అడిగింది. "అవును గానీ వదినా, పానా పిడి ఇంత పొడుగ్గా ఎందుకుంటుందంటావు?"

ఊరికే అడగలేదు. ముప్పై రెండేళ్ళు ఆగి అడిగింది.

బలం, దూరం, గుణకారం, అన్నీ నోటి దాకా వచ్చాయి. అరచేతులు ఎర్రబడ్డాయి గానీ, నిజంగానే, నొప్పి లేదు.

"చెయ్యి నొప్పి పుట్టకుండా" అన్నాను.

అది నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మొహం అటు తిప్పుకుని పనిముట్లు సర్దడం మొదలుపెట్టింది. సర్దినవే మళ్ళీ తీసి సర్దింది. వెళ్తూ వెళ్తూ ముల్లు పానా మా డిక్కీలో పెట్టి, "ఎనభై కిలోమీటర్లకి మళ్ళీ బిగించాలి టీచర్. ఈసారి చెప్పుతో కాదు" అంది.

చెప్పు సంగతి దానికెవరు చెప్పారు? ఆయన పొయ్యి మూత తుడుచుకుంటున్నారు.

మార్చి 11, మంగళవారం

రాత్రికి పెట్రోలు బంకు వెనక పెట్టెలోనే పడుకున్నాం. పొద్దున్నే బయలుదేరాం. బరువు డెబ్బై నాలుగు. రాసేశాను.

ఎనభై కిలోమీటర్లకి ఆపాను. ఇక్కడా ఒక టీ దుకాణమే. నిన్నటికన్నా ఎక్కువ లారీలు. దిగాను, డిక్కీ తెరిచాను, ముల్లు పానా తీశాను. ఒక డ్రైవరు గ్లాసు పట్టుకుని దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. నాలుగో నట్టు దగ్గర, "నక్షత్రం లెక్కన బిగిస్తున్నారా అమ్మా?" అన్నాడు. "ఆఁ" అన్నాను. "మా క్లీనరుకి ఎంత చెప్పినా ఎక్కదు" అని పోయాడు. కుడి వైపు రెండు నట్లు పిసరంత కదిలి నూట ఇరవై దగ్గర ఆగాయి. మిగతావి కదల్లేదు.

గుడ్డ చేతిలోనే ఉంది. తుడుచుకోలేదు. నల్లగా ఉన్న రెండు చేతులూ అలాగే పట్టుకుని వెళ్ళి, కిటికీలోంచి ఆయన మొహం ముందు పెట్టాను.

ఆయన చూశారు. భూతద్దం ఉన్నట్టే ఒక కన్ను మూసి, ఒక్కో వేలూ చూశారు. చొక్కా జేబులోంచి చేతిరుమాలు తీసి ఇచ్చారు. తర్వాత సీటు వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకున్నారు.

వింటున్నారేమోనని కాసేపు చూశాను. తల వంచలేదు. అయిదు కిలోమీటర్లు పోకముందే గురక మొదలైంది.

ఇప్పుడు చెరువు గట్టు మీద కారు ఆపి ఇది రాస్తున్నాను. నిజమే, అవతలి ఒడ్డు కనపడటం లేదు. ఆయన ఇంకా నిద్రపోతున్నారు. గిన్నెలన్నీ గుడ్డల్లో ఉన్నాయి, వెనక నుంచి ఏ చప్పుడూ లేదు. లేపాలి. ఇంకో పది నిమిషాలాగి లేపుతాను.